అలక గది పలక

బుక్కరాయసముద్రంలో ఒక కల్యాణమండపానికి బండలు పరిచే పని నడుస్తోంది. మొన్న పొద్దున కొత్త వరస మీద నీళ్ళు చల్లి, నడుము పట్టుకుని లేచి నిలబడ్డాను. చెరువు మీదుగా గాలి వచ్చి మొహానికి తగిలింది. మా అనంతపురం పక్క గాలి అంటే దుమ్ము. కళ్ళు మూసుకుని తల తిప్పుకోవడమే మాకు అలవాటు. కానీ ఈ ఏడు చెరువు నిండింది, గాలి తడిగా ఉంది. ఆ తడీ, నీళ్ళు తాగిన బండ వాసనా ఒక్కసారిగా కలిసేసరికి నేను కాసేపు అక్కడ లేను. భీమిలిలో, సముద్రం ఒడ్డున, వరహాలమ్మ గారి హోటలు ముంగిట్లో ఉన్నాను. జట్టులో వాళ్ళు "ఏమక్కా, తల తిరిగిందా?" అని అడిగారు. తల తిరగలేదు. ఒక మనిషి గుర్తుకు వచ్చింది. ఆమెను మీరెవరూ చూసి ఉండరు కాబట్టి రాస్తున్నాను.

వరహాలమ్మ గారు ఒక పెద్దాసుపత్రిలో నర్సులందరి మీదా మేట్రనుగా చేసి రిటైరైన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. భీమిలిలో డచ్చివాళ్ళ కాలంనాటి పాత ఇల్లు మేనమామ వైపు నుంచి ఆమెకు వచ్చింది. గోడలు ఎంత మందమంటే కిటికీ గట్టు మీద మనిషి కాళ్ళు చాపుకుని పడుకోవచ్చు. దాన్ని బాగుచేయించి హోటలు పెట్టింది. గుమ్మంలో పాత ఓడ గంట ఒకటి వేలాడదీసింది, గొప్ప అతిథి ఎవరైనా వస్తే మోగించడానికి. గదులకు నంబర్లు లేవు, పేర్లున్నాయి. అవి పూల పేర్లో దేవుళ్ళ పేర్లో అనుకునేరు. గురక పెట్టేవాళ్ళకు చివరన ఒక గది, తొందరపడేవాళ్ళకు గేటు పక్కన ఒక గది, ఇలా మనిషి గుణాన్ని బట్టి పేర్లు. దూరాభారం నుంచి వచ్చేవాళ్ళు ఆ పేర్లు చూసి నవ్వుకుని ఫోటోలు తీసుకునేవాళ్ళట. ఆమె మాత్రం నవ్వేది కాదు. ఆసుపత్రిలో వార్డులు ఎలా విడదీస్తారో అలాగే తన ఇంట్లో గదులు విడదీసింది, అంతే.

నా సంగతి కూడా చెప్పాలి. మాది గుమ్మఘట్ట మండలంలో ఒక పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బడి మాత్రం ఏ భాషలోనూ లేదు. పెళ్ళైనాక తాడిపత్రి బండల పనిలోకి వచ్చాను. మా ఆయన మేస్త్రి. ఆయన పోయినాక ఆయన తమ్ముడు రామాంజి మేస్త్రి అయ్యాడు. మా జట్టులో దారం పట్టేవాడే మేస్త్రి. ఈ మూల నుంచి ఆ మూలకు దారం కట్టి, మొదటి బండ పెట్టేది అతనే. ఆడది దారం ముట్టకూడదు, దాటకూడదు. నేను సిమెంటు కలిపాను, బండలు మోశాను, పాలిష్ పట్టాను. కానీ మనసులో ఒక కోరిక ఉండేది. ఒక్కసారైనా ఆ దారం నేను పట్టాలి, నా మాట మీద బండ పడాలి. ఎవరికీ చెప్పలేదు. నోరు లేక కాదు. మా ఊళ్ళో నా నోటికి జడవనివాడు లేడు. అయితే ఒకరి మీద అరవడానికి లేచే నోరు, నాకిది కావాలి అని చెప్పడానికి లేచేది కాదు.

భీమిలి హోటలు ముంగిలికి తాడిపత్రి బండలు పరిచే పని రామాంజికి దొరికింది. బండలు లారీలో పోయాయి, మేము రైలులో పోయాం. అంత దూరం కాబట్టి మిగతా ఆడవాళ్ళు రామన్నారు. జట్టులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. సముద్రం చూసి రామాంజి చెప్పులు చేత పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. "వదినా, ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఈళ్ళు బుడ్డలెయ్యరేం?" అన్నాడు. బుడ్డలంటే మా పక్క వేరుశెనగ. "ఉప్పునీళ్ళప్పా" అన్నాను. "అట్లనా. అయితే మన బోరు నీళ్ళకూ దీనికీ పెద్ద తేడా ఏముండాది" అని చెప్పులు తొడుక్కున్నాడు.

వరహాలమ్మ గారు గుమ్మంలో నిలబడి ఉంది. ఎత్తైన మనిషి, తెల్ల నూలుచీర. గడియారం చేతికి కాదు, పాత అలవాటుగా చీర భుజానికి పిన్నుతో తగిలించుకుంది. ముంగిలి తవ్వి ఉన్నందువల్ల హోటలుకు అతిథులు లేరు, గదులన్నీ ఖాళీ. "పనివాళ్ళం కదమ్మా, వసారాలో పండుకుంటాం" అన్నాడు రామాంజి. "నా ఇంట్లో వసారాలో పడుకునేది కుక్క. అది ఒప్పుకోదు" అంది ఆమె. మమ్మల్ని వరసగా నిలబెట్టి, జ్వరం చూసినట్టు ఒక్కొక్కరి మొహమూ చూసింది. మాలో ఓబులేసు మెడ లావు మనిషి. అతన్ని చూడగానే "నువ్వు గురక పెడతావు. ఆ చివరికి వెళ్ళు" అంది. ఫోను చెవి దగ్గర నుంచి తియ్యని రామాంజికి గేటు పక్క గది ఇచ్చింది. నా మొహం అందరికంటే ఎక్కువసేపు చూసి "నువ్వు మేడ మీద, సముద్రం వైపు" అంది. నా తలుపు మీద చెక్క పలక కొట్టి దాని మీద ఏదో రాసి ఉంది. ఏం రాసి ఉందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఆ ఇంటికి ఒక నియమం ఉంది. ప్రతి గది తలుపు పక్కనా ఒక రాతపలక వేలాడుతుంది, నూలుపోగుతో బలపం కట్టి. ఆసుపత్రిలో మంచం కాళ్ళ దగ్గర చీటీ వేలాడినట్టు. పొద్దు గూకేలోగా, మరుసటి పొద్దున ఏం తింటారో దాని మీద రాయాలి. రాసింది వండుతారు. రాయకపోతే గంజి. "నోటితో చెప్తే కాదామ్మా?" అని రామాంజి అడిగాడు. "నోటితో చెప్పింది నర్సు మర్చిపోతుంది. రాసింది మర్చిపోదు. మందైనా అంతే, టిఫినైనా అంతే" అంది ఆమె. మగవాళ్ళందరికీ కొద్దో గొప్పో అక్షరాలు వచ్చు. ఓబులేసు మొదటి రోజు పూరీ అని రాశాడు. రోజూ అదే రాశాడు, ఎందుకంటే తప్పు లేకుండా రాయగలిగింది అదొక్కటే. నేను గంజి తాగాను. మరుసటి రోజూ గంజే. ఓబులేసు చాటుగా వచ్చి "అక్కా, నేను రాస్తా, ఏం కావల్లో చెప్పు" అన్నాడు. "నాకు గంజే ఇష్టమప్పా. నీ పూరీ నువ్వు తినుపో" అన్నాను. గంజి నాకు ఇష్టం లేదు. ఎవరి చేతనైనా రాయించుకోవడం అంతకంటే ఇష్టం లేదు.

కొన్ని పొద్దులు అట్లా గడిచినాక ఆమే మేడ ఎక్కి వచ్చింది.

"రోజూ గంజి తాగుతున్నావు. కడుపులో పుండేటైనా ఉందేటి?"

"లేదమ్మా. నాకు రాసేకి రాదు."

"అది నాకు తెలుసులే. పలక గోడ వైపు తిప్పి పెడుతున్నావు కదా. నేనడిగింది రాత గురించి కాదు. నీకేం తినాలని ఉంది?"

"ఏముంటే అది."

"ఏముంటే అది అనే కూర నా వంటింట్లో లేదు" అంది. జవాబు కోసం నిలబడింది. నేను పలకను ఇంకాస్త గోడ వైపు జరిపాను. ఆమె గడియారం చూసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నాకు కోపం వచ్చింది. ఆ రోజంతా సిమెంటు కలుపుతూ ఆమెను తిట్టుకున్నాను. పొద్దువాలేసరికి కోపం దిగింది, దాని కింద ఇంకేదో ఉంది. మా సీమలో వాన పడితే సేద్యం, పడకపోతే కూలి. ఉంటే సంగటి, లేకపోతే చెంబుడు నీళ్ళు. అందరికీ పెట్టినాక గిన్నె అడుగున ఉన్నది నాది. పుట్టినప్పటి నుంచి "తిన్నావా" అని అడిగినవాళ్ళు ఉన్నారు. "ఏం తింటావు" అని అడిగినవాళ్ళు లేరు. ఆకలి ఎట్లా ఉంటుందో నాకు బాగా తెలుసు. కోరిక ఎట్లా ఉంటుందో తెలియదు, తెలిసిన ఒక్క కోరికనూ బయటికి రానివ్వలేదు. యాభై దాటిన మనిషిని పట్టుకుని నీకేం కావాలి అని అడిగి, జవాబు కోసం నిలబడ్డ మొదటి మనిషి ఆమె.

మరుసటి సాయంత్రం నేనే కిందికి దిగి ఆమె కుర్చీ దగ్గరికి పోయాను. "అక్షరాలు నేర్పియ్యమ్మా" అన్నాను. అడగడం రాక, అది కూడా జగడం పెట్టుకున్నట్టే అన్నాను. ఆమె లేచి నన్ను నా గది తలుపు దగ్గరికే తీసుకుపోయింది. చెక్క మీద ఉన్న మూడు అక్షరాల మీద వేలు పెట్టింది.

"అ. ల. క. కలిపి చదువు."

"అలక?"

"అదే నీ గది పేరు. వచ్చిన రోజు నీ మొహం చూసి ఇచ్చాను."

"నేనెవరి మీదమ్మా అలిగింది?"

"అది నువ్వే చెప్పాలి. అలిగినవాళ్ళకే సముద్రం వైపు గది. మిగతావాళ్ళకు సముద్రంతో ఏటి పని?"

అఆలు వరసగా నేర్పితే నాకు విసుగొస్తుందనీ, తనకు వయసైపోతుందనీ ఆమె అలక దగ్గరే మొదలుపెట్టింది. "అ తీసీ ప పెట్టు. ఏటైంది?" అంది. పలక అయింది. న పెడితే నలక. ఎ పెడితే ఎలక. గుడి పెట్టడం చూపించినాక చిలక, గిలక వచ్చాయి. ఒక్క అక్షరం జరిపితే కంట్లో నలక చెట్టు మీద చిలక అయింది. నేను బండ జరిపిన మనిషిని. ఒక్కటి జరిపితే వరసంతా మారుతుందని తెలుసు. అక్షరాలూ అంతేనని తెలిసేసరికి భయం పోయింది. పగలు పని చేస్తూ, కడిగిన బండ మీద తడివేలితో రాసేదాన్ని. ఎండకు ఆరిపోయేది. తప్పు రాసినా సాక్ష్యం ఉండదు. ఒత్తులు వచ్చినాక ఆమె మళ్ళీ తన ఆసుపత్రి మాటలకే పోయింది. దగ్గు, సిగ్గు, ముగ్గు. "సిగ్గు ముందు పోవాలి. దగ్గు దానంతటదే పోతుంది" అనేది.

గ్గ రాయడం వచ్చిన రోజున నాకు మొదటిసారి ఒక తిండి మీద మనసు పోయింది. ఉగ్గాని. మా పక్క ఏ బస్టాండులో దిగినా దొరికే టిఫిను. బొరుగులు తడిపి, ఎర్రగడ్డా, అంటే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయా వేసి తాలింపు పెట్టి, పైన పుట్నాలపొడి చల్లి ఇస్తారు. పలక ముందుకు తిప్పి ఉగ్గా దాకా రాశాను. ఆ తరువాత ని రాలేదు, గుడి ఎక్కడ తగిలించాలో మర్చిపోయాను. ఉగ్గాని తెలియని వంటవాడు లోకంలో ఉంటాడా, అర్థం చేసుకుంటాడులే అని వదిలేశాను. పొద్దున వంట అప్పన్న తలుపు కొట్టాడు. చేతిలో చిన్న ముక్కుగిన్నె ఉంది, పసిపిల్లలకు పట్టేది.

"అమ్మా, పాప ఏదండి?"

"ఏం పాపప్పా?"

"ఉగ్గు అని రాసినారు కదండి. బియ్యం ఏపి, మెత్తగా ఇసిరి, పాలల్లో కాసి తెచ్చినాను. పల్చగా ఉందేటో సూడండి."

"ఉగ్గు కాదప్పా, ఉగ్గాని. బొరుగులతో చేసేది."

"బొరుగులేటండి?"

"బొరుగులు తెలీదా? నువ్వేం వంటోడివప్పా."

మా అరుపులకు వరహాలమ్మ గారు పైకి వచ్చింది. బొరుగులంటే మరమరాలని అప్పన్నకు చెప్పింది. తరువాత పలక చూసింది. "ఒక్క అక్షరం మానేసి పసిపిల్లవైపోయావు. రాసింది తినాలి. రూలు రూలే" అంది. నేను కిటికీ గట్టు మీద కూర్చుని ఆ ఉగ్గు మొత్తం తాగాను. బాగుంది కూడా. కింద ఓబులేసు ఆ వారమంతా నన్ను "పాపక్కా, పాలు తాగితివా" అని ఏడిపించాడు. ఆ రోజే ని నేర్చుకున్నాను. మరుసటి పొద్దున నా పలక మీద ఉగ్గాని నిండుగా ఉంది. వంటింట్లో అప్పన్న పక్కన నిలబడి చేయించాను. మా ఊరి రుచి రాలేదు. అయినా అది నేను కావాలని రాస్తే వచ్చిన తిండి. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

ఇంతలో ముంగిలి పని సగం దాటింది. అప్పుడు వాన వచ్చింది. రామాంజి పని చెడ్డది అని నేను అనను. మా పక్క ముంగిట్లో ఎట్లా పరుస్తామో అట్లాగే పరిచాడు. రసమట్టం పెడితే బుడగ నడిమధ్య నిలబడేటట్టు, పళ్ళెంలాగా. మాకు వాన అంటే ఎప్పుడో ఒకసారి వచ్చే చుట్టం. కడిగిన నీళ్ళు పోయేంత వాటం, అంటే వాలు, పెడితే చాలు. వాననీళ్ళు కాసేపు ముంగిట్లో నిలిస్తే సంతోషపడతాం కానీ బయటికి తోలుకుంటామా? సముద్రం మీది వాన అట్లాంటిది కాదు. నీళ్ళు బండల మీద నిండి, మెట్టెక్కి, వసారాలోకి వచ్చి ఆమె కుర్చీ కాళ్ళు పట్టుకున్నాయి. అందరూ లోపలికి పరుగెత్తారు. నేను తడుస్తూ నిలబడ్డాను. అంత వాన నేను పుట్టి చూడలేదు. చూస్తూ ఉంటే నీళ్ళు ఎటు పోవాలనుకుంటున్నాయో కనబడింది. నీళ్ళకూ ఒక కోరిక ఉంటుంది. మేము దానికి దారి ఇవ్వలేదు.

వాన వెలిసినాక వరహాలమ్మ గారు చీర ఎత్తి పట్టుకుని వచ్చింది. "ఏటి రామాంజీ, నేను ముంగిలి అడిగాను. చెరువు అడగలేదు" అంది.

"ఇంత వానొస్తాదని నాకేం తెలుసమ్మా. మా ఊర్లో ఇట్ల కొడితే పండగ చేసుకుంటాం."

"పండగ సరే. ఇప్పుడేటి చేద్దాం?"

"పరిచిందంతా పీకల్ల. అది నా వల్ల కాదమ్మా. బెంగుళూరులో పెద్ద పని తగిలింది, పిలుస్తాండారు. నేను రేపే పోతాండా. ఈ పక్క మేస్త్రినెవర్నన్నా చూసుకోండి" అన్నాడు రామాంజి. అన్నది ఆమెతోనే అయినా, మమ్మల్ని కూడా మూటలు సర్దుకోమన్నట్టే. ఆమె మా అందరి మొహాలూ ఒకసారి చూసి లోపలికి పోయింది.

ఆ సాయంత్రం మేడ మీద పలక ముందు నిలబడ్డాను. ఇన్నేళ్ళు లోపల పెట్టుకున్నది ఇప్పుడు చెప్పకపోతే రేపు రైలెక్కుతాను. ఎక్కితే మళ్ళీ సిమెంటు కలపడమే. కింద ఆమె దగ్గరికి పోయి నోటితో చెప్పవచ్చు. పోలేదు. బలపం పట్టుకున్నాను. టిఫిను పేరు రాయలేదు. పని అని రాశాను, పక్కన ఇంకో మాట రాశాను. గట్టిగా రాయాలని బలపం లాగి రాశాను. తడిచేత్తో తుడిచేద్దామని అనిపించింది. తుడవలేదు. లోపలికి పోయి తలుపు వేసుకున్నాను.

పొద్దున అందరం ముంగిట్లో ఉన్నాం. రామాంజి భుజాన సంచి ఉంది. వరహాలమ్మ గారు నా పలక చేత పట్టుకుని మేడ దిగింది.

"ఇది నువ్వే రాసావా?"

"నేనేనమ్మా."

"చదువు."

"పని నాకు."

"అలా లేదు ఇక్కడ. కొమ్ము సాగిపోయింది. పని నాకూ అని ఉంది. నాకూ అంటే ఏటి? ఇంకెవరికి? కొత్తగా వచ్చే మేస్త్రికీ, నీకూనా? వాళ్ళందరూ తీసుకోగా మిగిలింది నీకూ కొంచెమా?"

పలక నా చేతికి ఇచ్చింది. చూశాను. కొమ్ము నిజంగానే సాగి ఉంది. గిన్నె అడుగున ఉన్నది తిని బతికిన చెయ్యి ఇంకేం రాస్తుంది.

రామాంజి నవ్వాడు. "వదినా, నీకేమన్నా పిచ్చా? ఆడమనిషి దారం పడితే ఎవడు చేస్తాడు పని? జట్టు జట్టంతా నవ్వుతాది."

నేను కొంగుతో ఆ మాట తుడిచాను. కింద మోకాలు ఆనించి కూర్చుని మళ్ళీ రాశాను. కు తీసి కే పెట్టాను. ఏత్వం ఆమె నాకు మొన్ననే నేర్పింది.

"చదువు" అంది ఆమె.

"పని నాకే."

"ఆ. ఇప్పుడు తెలిసింది" అని వంటింటి వైపు తిరిగింది. "అప్పన్నా, ఈమె పలక మీద టిఫిను లేదు. గంజి పెట్టు." మేస్త్రమ్మగా నా మొదటి టిఫిను గంజే. రూలు రూలే కదా.

రామాంజి మిగతావాళ్ళ వైపు చూశాడు, ఎవరైనా తనతో వస్తారేమోనని. ఓబులేసు గడ్డం గోక్కున్నాడు. "దారం ఎవరు పడితే ఏముందిలే మేస్త్రీ. తిన్నగుంటే సరి. నేను అక్కతో ఉంటా. ఈడ పూరీ బాగుండాది" అన్నాడు. ఆ మాటతో మిగతావాళ్ళ మూటలు కూడా కిందికి దిగాయి. రామాంజి సంచిలో నుంచి దారం ఉండ తీసి నా ముందు పెట్టాడు. "పట్టు. నాలుగు దినాలకే ఫోను చేస్తావు, రా రామాంజీ అని."

"చేస్తే ఎత్తద్దులే" అన్నాను.

దారం పట్టాను. వసారా మెట్టు దగ్గర ఒక మేకుకు, అవతల వీధి కాలువ దగ్గర ఒక మేకుకు కట్టాను. ఆ చివర దించాను. నీళ్ళు పోసి చూశాం. చాలక ఇంకా దించాను. పరిచిన బండలన్నీ పీకించాను. మూలలకు సరిపోయేలా కోసిన బండలు, మళ్ళీ ఏ వరసవి ఆ వరసకే పోవాలి, లేకపోతే కుదరవు. అందుకని ఒక్కొక్క వరసకూ నాకు వచ్చిన మాటల పేర్లే పెట్టి, బండ వెనక మొదటి అక్షరం సుద్దతో రాశాను. అలక వరస, పలక వరస, నలక వరస. ఓబులేసు కేక వేసేవాడు, "అక్కా, నలకలో ఒక బండ తక్కువ ఉండాది" అని. "ఎలకలో కలిసిందేమో చూడప్పా" అనేదాన్ని. దారి పోయేవాళ్ళు ఆగి, ఈ సీమవాళ్ళకు ఏమైందని చూసేవాళ్ళు. వరహాలమ్మ గారు మాత్రం ముంగిలి వైపు తొంగి చూడలేదు. రమ్మంటే రాలేదు. "ఊరికే కట్టు విప్పి చూస్తూ ఉంటే పుండు మానదు. అయ్యాక చూస్తాను" అంది.

పని అయిపోయింది. వాన రాలేదు. మా కరువు నా వెంట రైలెక్కి వచ్చిందేమో అనిపించింది. వాన చూడకుండా పోనని మొండికేశాను. చివరికి ఒక మధ్యాహ్నం, మేము తిని చేతులు కడుక్కుంటూ ఉండగా, సముద్రం నల్లబడి మీదికి వచ్చింది. అందరం వసారాలో గోడకు ఆనుకుని నిలబడ్డాం. మా పల్లెలో వాన కోసం ఆకాశం వైపు చూస్తాం. ఆ రోజు నేను ఆకాశం చూడలేదు, నేల చూశాను. నీళ్ళు బండల మీద పడ్డాయి, పరుచుకున్నాయి, ఒక్క గడియ ఎటు పోదామా అన్నట్టు ఆగాయి. తరువాత అంచు కదిలింది. ఓబులేసు నా మోచెయ్యి పట్టుకుని "పోతాండాదక్కా" అన్నాడు. మెల్లగా అన్నాడు, గట్టిగా అంటే నీళ్ళు ఆగిపోతాయన్నట్టు. "పోతాండాది, సూడు, పోతాండాది." నీళ్ళన్నీ మెట్టుకు వీపు తిప్పి, గుంపుగా కాలువలోకి దిగాయి. ఎంత కొట్టినా అంతే. ఒక్క బండ మీద కూడా నిలవలేదు.

వరహాలమ్మ గారు చెప్పులు విడిచి, గొడుగు వేసుకుని వానలోకి దిగింది. ముంగిలి నడిమధ్యకు పోయి తన కాళ్ళ వైపు చూసుకుంది. ఒక మూల నుంచి ఇంకో మూలకు నడిచింది. వెనక్కి వచ్చి గుమ్మంలో ఓడ గంట తాడు పట్టి లాగింది. నేను వచ్చినప్పటి నుంచి ఆ గంట మోగగా వినలేదు. వంటింట్లో నుంచి అప్పన్న చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకుని వచ్చాడు.

"ఎవరొచ్చినారండి?"

"మేస్త్రమ్మ వచ్చింది" అంది ఆమె, తాడు వదలకుండా.

నేను అప్పుడు ఏడవలేదు. ఓబులేసు ఏడ్చాడు. ఇప్పటికీ ఒప్పుకోడు, వాన మొహాన పడిందంటాడు.

ఆ తరువాత చాలా పనులు చేశాను. తాడిపత్రి నుంచి బళ్ళారి దాకా నా దారం కింద పడ్డ బండలు ఉన్నాయి. ఆమె పోయేదాకా మాకు ఫోనులో మాటలు నడిచాయి, అవీ రాతలే. గొంతుతో మెసేజ్ పెడితే వినేది కాదు. నేను రాసిన దానిలో తప్పులు దిద్ది, అదే నాకు తిప్పి పంపేది. బాగున్నావా అని ఎన్నడూ రాయలేదు. ఏం తిన్నావని రాసేది. రామాంజి ఇప్పుడు నా జట్టులోనే ఉన్నాడు. పనిమంతుడు. వాటం దగ్గరికి వచ్చేసరికి రసమట్టం పక్కన పెట్టి నన్ను కేక వేస్తాడు. అతను కేక వేసిన ప్రతిసారీ నాకు సంతోషంగానే ఉంటుంది, దాచడం దేనికి.

ఆమె దగ్గర నేర్చుకున్నది అక్షరాలు అని అందరూ అనుకుంటారు. అక్షరాలు ఎవరైనా నేర్పుతారు. ఆమె నన్ను అడిగి, నిలబడింది. అది నేను తెచ్చుకున్నాను. నా జట్టులో ఇప్పుడు ఆడవాళ్ళే ఎక్కువ. కొత్తగా ఎవరు చేరినా పని చెప్పే ముందు నీకేం కావాలి అని అడుగుతాను, జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలను. కొందరు భయపడతారు, కొందరు ఈ ముసలిదానికి చాదస్తం అనుకుంటారు. ఈ మండపం పనికి గంగమ్మ అని ఒకామె చేరింది, పెళ్ళికి ఎదిగిన పిల్లల తల్లి. రోజూ అడిగాను, రోజూ తల వంచుకుని తట్ట ఎత్తుకుని పోయింది. నిన్న పొద్దున తట్ట కింద పెట్టి, నా మొహం వైపు సూటిగా చూసింది.

"బండ కోసే మిషను నేర్పియ్యక్కా" అంది.

నేర్పిస్తున్నాను.